తవ్వా, కాటానా? వంటింటి లెక్కలకు ఏది మేలు

మా పాపకు ఐదో ఏడు నడుస్తోంది. విజయనగరంలో మా వంటింట్లో రెండు రకాల కొలతలున్నాయి. ఒకటి అత్తయ్య బొబ్బిలి నుంచి తెచ్చుకున్న గిద్ద, సోల, తవ్వ. రెండోది నేను తెప్పించిన డిజిటల్ కాటా. అంకెలు కనిపిస్తాయి కాబట్టి పిల్లకు కాటాయే మంచిదని మొదట్లో అనుకున్నాను. నెల తిరిగేసరికి మనసు మారింది.

కాటా మీద బియ్యం పోస్తే 487 అని పడుతుంది. పాప "నాలుగు, ఎనిమిది, ఏడు" అని చదివి ఊరుకునేది. ఆ అంకెకీ గిన్నెలోని బియ్యానికీ సంబంధం ఆ వయసుకు అందదు. అదే గిద్దతో సోల నింపమంటే ముంచి పోసుకుంటూ వెళ్లింది, నాలుగోసారికి నిండింది. రెండు సోలలైతే తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. సోల నుంచి పైకి అంతా రెట్టింపే. "తవ్వకి గిద్దలెన్నే?" అని అత్తయ్య అడిగితే, పోసి చూసి "ఎనిమిది మామ్మా" అంది. ఎక్కాలు ఇంకా మొదలుపెట్టనే లేదు.

అత్తయ్య పాత అలవాటు కొద్దీ ఒకటి అనకుండా "లాభం" అని మొదలుపెట్టి రెండు, మూడు అని కొలుస్తారు. పిల్ల తికమక పడుతుందేమోనని నాకు టెన్షన్. రెండు రోజులకు "లాభం అంటే ఒకటేనమ్మా" అని అదే నాకు చెప్పింది.

ఒకే నీళ్లు వెడల్పు గిన్నెలోంచి పొడుగు గ్లాసులోకి పోస్తే చిన్నపిల్లలు ఎక్కువయ్యాయంటారని పియాజే అనే స్విస్ మనస్తత్వవేత్త గమనించాడు. మా పాపా అంతే అంది. సరిదిద్దలేదు. మళ్లీ మళ్లీ పోసుకోనిచ్చాను. తవ్వ, సోల లేని ఇంట్లో స్టీలు గ్లాసు, టీ గ్లాసు చాలు. ఇడ్లీ పిండికి మినపప్పు ఒకటైతే రవ్వ రెండు, అన్నానికి బియ్యం ఒకటైతే నీళ్లు రెండు. నానబోసే పనులు దానివి, పొయ్యి దగ్గరి పనులు మావి.

అక్షరాలకూ రెండు దారులు చూశాం. పళ్లెంలో బియ్యం పరిచి వేలితో దిద్దిస్తే చెయ్యి తిరుగుతుంది. చదవడానికి మాత్రం డబ్బాల మీది పేర్లే మేలు. కందిపప్పు, పెసరపప్పు, శనగపప్పు డబ్బాలు వరసగా పెట్టి తెలుగులో పేర్లు అంటించాను. మూడింటి చివరా ఒకటే ఉందని పాప వేలు పెట్టి చూపించింది. ఒత్తులు నేనింకా చెప్పలేదు, "ప్పు" మాత్రం దానికి వచ్చేసింది. ఉప్పు, పప్పు పక్కపక్కన పెడితే తేడా మొదటి అక్షరంలోనే ఉందని అదే పట్టుకుంది. అచ్చు పుస్తకంలో ఇవే మాటలు ఉన్నా, రోజూ మూత తీసే డబ్బా మీద ఉంటే పిల్లకు వాటితో పని ఉంటుంది.

కాటాకూ రోజు వస్తుంది. పలాస జీడిపప్పు ప్యాకెట్ల మీద 240, 320 అని గ్రేడు వేస్తారు. ఒక పౌనుకు, అంటే సుమారు 454 గ్రాములకు, దాదాపు ఆ అంకె చెప్పినన్ని పప్పులు తూగుతాయని అర్థం. అంకె పెద్దదైతే పప్పు చిన్నది! పాప మూడో తరగతికి వచ్చాక ఆ రెండు రకాలూ తెచ్చి, తూచి లెక్కపెట్టిస్తాను. అందాకా కాటా పై అరలో ఉంది.