లాప్‌టాప్‌లోనే పోర్టులా, విడిగా హబ్బా?

విశాఖ ద్వారకానగర్‌లో మాక్‌బుక్ కొనడానికి వెళ్తే తేల్చుకోవాల్సింది ఇదే, పోర్టులన్నీ ఉన్న ప్రోనా, లేక సన్నగా ఉండే ఎయిర్ తీసుకుని పక్కన ఓ హబ్ (అదనపు పోర్టులిచ్చే చిన్న డబ్బా) తగిలించుకోవడమా. 2016లో యాపిల్ వాడు ప్రోలో హెచ్‌డీఎంఐ (టీవీ, మానిటర్ తగిలించే పోర్టు), కెమెరా ఎస్‌డీ కార్డ్ స్లాట్ పీకేస్తే హబ్బులు చేసేవాళ్లకి పండగే పండగ, మళ్లీ 2021లో 14, 16 అంగుళాల ప్రోల్లో రెండూ తెచ్చి పెట్టేసరికి వాళ్ల గిరాకీకి గండి పడింది. అయినా ఎయిర్‌లో ఇప్పటికీ అవి లేవు కాబట్టి పూర్తిగా మునిగిపోలేదులెండి.

పెళ్లి ఫొటోలు తీసేవాళ్లకైతే ప్రోనే బెస్ట్, కెమెరాలోంచి కార్డు తీసి నేరుగా దూర్చేయడమే, వైరు కదిలి కాపీ మధ్యలో ఆగిపోయే గోల ఉండదు.

కానీ బీచ్ రోడ్డు వైపు ఉండేవాళ్లు ఒకటి చూసుకోండి, ఉప్పు గాలికి పిన్నులు చిలుం పట్టాయనుకోండి, హబ్బైతే అవతల పారేసి ఇంకోటి కొంటాం, లోపలి పోర్టైతే మెషీన్ మొత్తం విప్పాలి. పైగా 2021 ప్రోలో ఉన్నది హెచ్‌డీఎంఐ 2.0, దాంట్లోంచి మానిటర్‌కి 4కే బొమ్మ 60 హెర్ట్జ్ (సెకనుకి 60 సార్లు) దాటదు, మార్చుకోడానికీ ఉండదు.

హబ్బులకి పెద్దన్నల్లాంటి థండర్‌బోల్ట్ డాక్‌లు వేరే లెక్క, ఒకే కేబుల్‌తో మానిటర్లు, నెట్, చార్జింగ్ అన్నీ అయిపోతాయి, రుషికొండ ఆఫీసులకి ఓకే గానీ ఇంట్లో వాడుకోడానికి ఆ రేటు పెట్టడం దండగ. నేనైతే ఎయిర్, మామూలు హబ్బుకే ఓటేస్తా.