బావగారితో ఏడేళ్ళ వెదుకులాట: డచ్చి చర్చి రిజిస్టర్లు, వీలునామాలు, ఫ్యామిలీసెర్చ్

మా అల్లుడిది న్యూజెర్సీలో స్థిరపడిన పాత డచ్చి కుటుంబం. 2018లో మేము అక్కడ ఉండగా మా నాన్నగారి తద్దినం వచ్చింది. మూడు తరాల పేర్లు చెప్పి పిండాలు పెట్టడం మా వియ్యంకుడు గారు పక్కనే కూర్చుని చూశారు. అంతా అయ్యాక, నేను నేర్పిన "బావగారూ" అన్న పిలుపుతోనే, "మా తాతగారి తండ్రి పేరు దాటితే నాకేమీ తెలియదు. మనం వెదకగలమా?" అని అడిగారు. ఆ రోజు మొదలైన పని ఇంకా సాగుతోంది. ఆయన వంశంలో 17వ శతాబ్ది చివరిదాకా వెళ్ళగలిగాం. ఏడేళ్ళుగా మా చేతుల్లో నలిగినవి ముఖ్యంగా మూడు: ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైటు, డచ్ రిఫార్మ్డ్ చర్చి (డచ్చివారి ప్రొటెస్టెంటు చర్చి) రిజిస్టర్లు, న్యూయార్క్, న్యూజెర్సీ వీలునామాలు.

ముందుగా ఫ్యామిలీసెర్చ్. సాల్ట్ లేక్ సిటీలోని మోర్మన్ చర్చి దీన్ని నడుపుతుంది. డబ్బు కట్టనక్కరలేదు, ఖాతా తెరిస్తే చాలు. 1938 నుంచి పాత రికార్డులకు తీస్తూ వచ్చిన మైక్రోఫిల్ములను కొండ తొలిచి కట్టిన భాండాగారంలో దాచి, వాటిని కంప్యూటర్‌కు ఎక్కించే పనిని 2021లో పూర్తిచేశారు. కొత్తవాళ్ళు వెదుకుపెట్టెలో పేరు కొట్టి, ఏమీ రాకపోతే నిరాశపడతారు. మేమూ మొదటి ఆరు నెలలు అలాగే పోగొట్టుకున్నాం. పేర్ల సూచికకు ఎక్కని పుటలు ఎన్నో ఉన్నాయి. కేటలాగులో మనకు కావలసిన జిల్లా పేరుతో వెళ్ళి, వీలునామాల పుస్తకం తెరిచి, పుట తరువాత పుట తిప్పాలి. కొన్ని పుటల చిత్రాలు ఇంట్లో తెరుచుకోవు, వాళ్ళ కేంద్రానికో అనుబంధ గ్రంథాలయానికో వెళ్ళాలి. 2024లో చేతిరాత పత్రాల లోపలి మాటలను కూడా వెదికే సదుపాయం వచ్చింది. దాని వల్ల మా పని తీరే మారిపోయింది. బావగారి పూర్వీకుడు పక్క పొలం ఆయన వీలునామాకు సాక్షిగా ఉన్నాడని అలాగే తెలిసింది. సాక్షుల పేర్లు సూచికలో ఉండవు కనుక మరో దారిలో అది దొరికేది కాదు.

ఇక నాకు ప్రాణమైన చర్చి రిజిస్టర్లు. న్యూయార్క్ నగరం ఇంకా న్యూ ఆమ్‌స్టర్‌డామ్‌గా ఉన్నప్పుడే, 1639 నుంచి, అక్కడి డచ్చి చర్చి బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు నమోదై ఉన్నాయి. న్యూయార్క్ రాష్ట్రంలోని కింగ్‌స్టన్‌లో 1660 నుంచి, న్యూజెర్సీలోని హాకెన్‌సాక్‌లో 1686 నుంచి, రారిటన్‌లో 1699 నుంచి దొరుకుతాయి. చదవడం నేర్చుకోవడానికి ముందు ఒక పేరున్న కుటుంబం మీద చెయ్యి తిప్పుకున్నాం. రూజ్‌వెల్ట్‌ల మూలపురుషుడు క్లాస్ మార్టెన్‌జెన్ వాన్ రోజెన్‌వెల్ట్. క్లాస్ అంటే నికొలాస్‌కు పొట్టి పేరు, మార్టెన్‌జెన్ అంటే మార్టెన్ కొడుకు. 1658లో బాప్తిస్మం పొందిన అతని కొడుకు నికొలాస్ సంతానంలోని రెండు శాఖల నుంచే ఇద్దరు అమెరికా అధ్యక్షులు వచ్చారు. ఆ తొలి డచ్చివారిలో చాలామందికి స్థిరమైన ఇంటిపేరు లేదు. యాన్ కొడుకు పీటర్ అయితే పీటర్ యాన్‌సెన్, ఆ పీటర్ కొడుకు హెండ్రిక్ అయితే హెండ్రిక్ పీటర్‌సెన్. 1664లో ఇంగ్లీషువారి పాలన వచ్చిన తరువాత మెల్లమెల్లగా ఇంటిపేర్లు కుదురుకున్నాయి. అన్నదమ్ములే వేరువేరు ఇంటిపేర్లు పెట్టుకున్న సందర్భాలూ ఉన్నాయి.

తెలుగువాడిగా నన్ను కట్టిపడేసినవి మాత్రం రెండు సంగతులు. మొదటిది, బిడ్డ బాప్తిస్మం నమోదులో తల్లి పేరు ఆమె పుట్టింటి పేరుతోనే ఉంటుంది. మన పాత కాగితాల్లో ఫలానావారి భార్య అన్న మాటతో ఆగిపోయిన ఎందరో ముత్తవ్వలు గుర్తుకొచ్చి, ఆ పుటల ముందు చాలాసేపు కూర్చుండిపోయాను. రెండవది, పేర్ల వరస. మొదటి ఇద్దరు కొడుకులకు తాతల పేర్లు, మొదటి ఇద్దరు కూతుళ్ళకు అమ్మమ్మ, నాయనమ్మల పేర్లు పెట్టడం వారి ఆనవాయితీ. బిడ్డ చనిపోతే తరువాత పుట్టిన బిడ్డకు మళ్ళీ అదే పేరు. దాన్ని నేను బావగారికి వివరించనక్కరలేకపోయింది, మా ఇంట్లో మా మనవడికి మా నాన్నగారి పేరే ఉంది. బాప్తిస్మానికి నిలబడిన సాక్షులను అసలు వదలకూడదు. సాధారణంగా వారు తాతో, మేనమామో, పినతల్లో అయి ఉంటారు.

అలా ఒక సాక్షి వల్లే మా పెద్ద తప్పు బయటపడింది. 18వ శతాబ్ది నడుమ రాసిన ఒక వీలునామాలో భార్య పేరు, ఎనిమిదిమంది పిల్లల పేర్లు ఉన్నాయి. ఎవరో ఒక వెబ్‌సైటులో పెట్టిన వంశవృక్షం ఆమెనే ఎనిమిదిమందికీ తల్లిని చేసింది. మేమూ నమ్మి రెండేళ్ళపాటు ఆమె పుట్టింటివారి వెంటపడ్డాం. రిజిస్టరు తెరిచి చూస్తే మొదటి నలుగురి తల్లి వేరు. వారిలో పెద్దపిల్ల బాప్తిస్మానికి సాక్షిగా నిలిచినవాడు ఆ మొదటి భార్య తండ్రి. వీలునామా ఆ నాటికి బతికున్న భార్యనే చెబుతుంది, పోయిన ఆమెను చెప్పదు. చిన్నప్పుడే చనిపోయిన పిల్లలనూ చెప్పదు. వీలునామానూ, రిజిస్టరునూ పక్కపక్కన పెట్టి చదవకుండా ఎవరూ ఒక్క గీత కూడా గీయకూడదని నా గట్టి నమ్మకం.

వీలునామాల భాష దగ్గరా జాగ్రత్త కావాలి. పెద్దకొడుకుకు ఒక బైబిలో, కొన్ని షిల్లింగులో రాసి ఉంటే తండ్రికి కోపం వచ్చిందని మొదట అనుకున్నాం. అది అతని జ్యేష్ఠత్వానికి గుర్తుగా ఇచ్చేది. ఇంగ్లీషు చట్టం ప్రకారం పెద్దకొడుకును అని మొత్తం భూమికి దావా వేయకుండా కట్టిన గట్టు అది. ఆ కాలపు ఇంగ్లీషులో సవతి కొడుకును అల్లుడనే మాటతోనే పిలిచేవారు, మేనకోడలిని కజిన్ అనేవారు. 1752కు ముందు ఇంగ్లీషువారి పత్రాల్లో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది కాబట్టి జనవరి, ఫిబ్రవరి తేదీలకు రెండేసి సంవత్సరాలు రాసుకోవడం మంచిది.

న్యూయార్క్ వీలునామాల సంక్షిప్తాలు 1665 నుంచి 1800 దాకా 17 సంపుటాలుగా అచ్చయ్యాయి. చివరి రెండు సంపుటాల నిండా ముందటివాటికి దిద్దుబాట్లే. అచ్చుపుస్తకం దారి చూపడానికి మాత్రమే పనికొస్తుందనడానికి ఇంతకంటే రుజువేం కావాలి? న్యూజెర్సీవైతే మూలపత్రాలు ట్రెంటన్‌లోని రాష్ట్ర భాండాగారంలో ఉన్నాయి. బావగారి పూర్వీకుడు సంతకం రాక వేసిన గుర్తును మేమిద్దరం అక్కడే చూశాం. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

దొరకనివీ ఉంటాయి. 1690లో న్యూయార్క్ రాష్ట్రంలోని స్కెనెక్టడీ ఊరు తగలబడినప్పుడు అక్కడి చర్చి పాత రిజిస్టర్లు పోయాయి. 1911లో ఆల్బనీలోని రాష్ట్ర గ్రంథాలయం కాలిపోయినప్పుడు డచ్చి కాలపు ప్రభుత్వ పత్రాలు కింది అరల్లో ఉండి, పైనుంచి పడిన ఇంగ్లీషు పుస్తకాల చాటున చాలావరకు బతికాయి. బావగారి అమ్మమ్మ వైపు శాఖ స్కెనెక్టడీ దగ్గరే ఆగింది. అక్కడ ఊహతో నింపవద్దని ఇద్దరం మాట అనుకున్నాం.

ఒక సంగతి చెప్పకుండా ఈ సమీక్ష ముగించలేను. 1790లలోని ఒక వీలునామాలో పరుపు, రాగి కాగు, రెండు ఆవుల తరువాత అదే వాక్యంలో ఒక నల్లజాతి బానిస స్త్రీని కూతురికి రాసిచ్చారు. ఆమెకు పేరు ఒక్కటే, ఇంటిపేరు లేదు. ఆ పుట చదివిన రోజు బావగారు భోజనం చేయలేదు. మరునాడు వచ్చి, ఆమె వంశం కూడా వెదుకుదామన్నారు. బానిస తల్లులకు పుట్టే బిడ్డలను జిల్లా గుమాస్తా దగ్గర నమోదు చేయించాలని న్యూజెర్సీ 1804 చట్టం నియమం పెట్టింది. ఆ పుస్తకాల్లో యజమాని పేరు పట్టుకుని వెదుకుతున్నాం. ఇప్పటికి రెండు జిల్లాల పుస్తకాలు చూశాం, మూడవది మొదలుపెట్టాం.