కావలిలో ఒంటరిగా బ్యాగ్‌పైపు: 6 ఏళ్లు వాడాక

నాకు గురువు లేడు. కావలి చుట్టుపక్కల బ్యాగ్‌పైపు ఊదేవాళ్లు నాకు ఇంతవరకు ఒక్కరూ తగల్లేదు. టీవీలో మిలిటరీ బ్యాండు చూసి పట్టిన పిచ్చి ఇది. 6 ఏళ్లకి మూడు డ్రోన్లూ (గాలి సంచికి తగిలించి ఉండే, ఆగకుండా ఒకే శ్రుతి మోగించే గొట్టాలు) శ్రుతిలో పెట్టి పది నిమిషాలు ఆపకుండా ఊదే దాకా వచ్చా. మీ ఊళ్లో కూడా మీరొక్కరే అయితే చదవండి.

నేను మొదట కొన్నది ఆన్‌లైన్లో మెరిసిపోతున్న శీశం కర్ర సెట్టు, 9,000 రూపాయలు. గోడకి తగిలించుకోడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. జాయింట్ల దగ్గర గాలి పోయేది, స్వరాలు ఒకదానికొకటి పొసగేవి కావు, అయినా ఆరు నెలలు తప్పు నాదే అనుకుని బుగ్గలు నొప్పి పుట్టేలా ఊదా. పక్కన తెలిసినవాడు లేకపోతే వచ్చే అసలు చిక్కు ఇదే, పాడైంది వాద్యమో మన ఊదుడో తెలీదు. అందుకే సంచి జోలికి పోకుండా ముందు ప్రాక్టీస్ చాంటర్ ఒక్కటే కొనండి. చాంటర్ అంటే వేళ్లతో స్వరాలు పలికించే గొట్టం, ఇది సంచీ డ్రోన్లూ లేని ప్లాస్టిక్‌ది, చప్పుడు తక్కువ, ఇంట్లోవాళ్లు తిట్టరు. నాది 6 ఏళ్లుగా రోజూ వాడుతున్నా, రీడ్ (గాలికి అదిరి మోగే పీక) తప్ప ఏమీ మార్చలేదు.

చాంటర్లో ఉండేది 9 స్వరాలే. కింది 'ఏ' (ఇంగ్లీషు స్వరాల పేర్లలో A) ని షడ్జమం అనుకుంటే అవి హరికాంభోజి రాగం స్వరాలు, షడ్జమం కింద ఒక నిషాదం అదనం. అంటే మోహనం హాయిగా పలుకుతుంది. ఇది తట్టిన రోజు నుంచే నాకు ఈ వాద్యం పరాయిదిగా అనిపించడం మానేసింది. కష్టం ఎక్కడంటే, సంచి కట్టాక నాలుకతో శబ్దాన్ని ఆపడం కుదరదు, ధార పోతూనే ఉంటుంది, కాబట్టి ఒకే స్వరం రెండుసార్లు పలకాలంటే మధ్యలో ఇంకో వేలు చిటుక్కున లేపి దించాలి. రంధ్రాలు కూడా వేళ్ల కొనలతో కాదు, వేళ్లు చాపి మూయాలి. నాకు దీనికే ఏడాది పట్టింది, మీకూ పడితే టెన్షన్ పడొద్దు.

చెవి అరువిచ్చింది మా వీధి సన్నాయి బాబాయ్. బ్యాగ్‌పైపు ఆయన అంతకుముందు ముట్టుకోలేదు. నా రికార్డింగు విని, "వేళ్ల సంగతి తర్వాత చూద్దాం అబ్బయా, ముందు శ్రుతి నిలపరా, ఊగిపోతా ఉండాది" అన్నాడు. మన వీధి భాగోతాల్లో శ్రుతికి మేకతోలు తిత్తి ఊదేవాళ్లనీ ఆయనే చెప్పాడు. మీ ఊళ్లోనూ మేళం వాళ్లు ఉంటారు, వెళ్లి వినిపించండి, నవ్వితే నవ్వనివ్వండి.

ఊపిరి తీసుకునేటప్పుడు మోచేత్తో సంచి నొక్కాలి, ఊదేటప్పుడు వదలాలి, గాలి ఒత్తిడి మాత్రం మారకూడదు. చెప్పడం తేలికే. నేను మేస్త్రీల లెవెల్ పైపు ముక్క తెచ్చి, యూ ఆకారంలో వంచి నీళ్లు పోసి, ఒక డ్రోన్ పీకేసి ఆ రంధ్రంలో బిరడా ద్వారా బిగించా. నీళ్లు ఊగాయంటే ఒత్తిడి ఊగినట్టే. ఖర్చు 40 రూపాయలు, దీనికి ఐదుకి ఐదు మార్కులు. మొదట్లో రెండు డ్రోన్లకి బిరడాలు పెట్టేసి ఒక్కదానితోనే ఊదండి.

మేడ మీద ఊదితే పక్కింటి అత్తయ్య "ఏంది నాయనా, పాములోళ్లు వచ్చారా?" అంది. అప్పటి నుంచి సాయంత్రం తుమ్మలపెంట వైపు రొయ్యల గుంటల గట్టుకి పోతున్నా. అక్కడ ఏరేటర్ల మోతలో నన్నెవరూ పట్టించుకోరు. చెవుల్లో ప్లగ్గులు మాత్రం తప్పనిసరి.

వానాకాలంలో మన సముద్రపు గాలికి తోలు సంచి బూజు పట్టేస్తుంది, నాది పట్టింది. ఇప్పుడు సింథటిక్ సంచి వాడుతున్నా, ఊదడం అయ్యాక డ్రోన్లు తీసి ఆరబెడతా. చాంటర్ రీడ్ కొనేటప్పుడు మెత్తదే అడగండి. గట్టిది పంపితే బ్లేడు పెట్టి చెక్కకుండా తిరిగి పంపేయండి, నేను చెక్కి రెండు పాడు చేసుకున్నా.