డంపా, ఫైళ్ల నకలా: డేటాబేస్ బ్యాకప్‌కు ఏది మేలు?

బ్యాకప్ గురించిన చర్చలన్నీ తీసే వైపు నుంచే మొదలవుతాయి: ఏది తేలిక, ఏది త్వరగా అవుతుంది, ఎంత చోటు పడుతుంది. అసలు అడగవలసినవి వేరే. సర్వర్ కూలితే ఎంతసేపటిలో మళ్లీ లేవాలి? ఎన్ని నిమిషాల డేటా పోయినా ఓర్చుకోగలం? వీటికి జవాబు లేకుండా చేసే ఎంపిక గుడ్డి ఎంపికే. ఇక్కడ పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌ను ముందు పెట్టుకుని డంప్, ఫైళ్ల నకలు అనే రెండు పద్ధతులనూ చూద్దాం.

డంప్ తీసే ప్రోగ్రామ్ పేరు పీజీ డంప్. అది టేబుళ్లనూ వాటిలోని వరుసలనూ తార్కిక రూపంలో, అంటే మళ్లీ కట్టుకోవడానికి వీలైన ఆదేశాలుగా, బయటికి రాస్తుంది. మొదలైన క్షణంలో డేటా ఎలా ఉందో అలాగే తీస్తుంది, మామూలు చదవడాలకూ రాయడాలకూ అడ్డు రాదు. కావాలంటే ఒక్క టేబుల్‌నే వెనక్కి తెచ్చుకోవచ్చు. పాత వెర్షన్‌లో తీసినదాన్ని కొత్త వెర్షన్‌లోకి, వేరే ఆపరేటింగ్ సిస్టమ్‌లోకి కూడా ఎక్కించవచ్చు. ఈ సౌలభ్యం రెండో పద్ధతికి లేదు.

చిక్కంతా రిస్టోర్‌లో, అంటే డంప్‌ను తిరిగి ఎక్కించడంలో. వరుసలు ఎక్కాక వెతుకులాటను వేగం చేసే ప్రతి ఇండెక్స్‌నూ మొదటి నుంచి కట్టాలి, టేబుళ్లను ముడిపెట్టే ఫారిన్ కీలన్నీ సరిచూడాలి. గంటలో తీసిన డంప్ ఎక్కడానికి పూట పట్టినా ఆశ్చర్యం లేదు. పనిని సమాంతరంగా పంచవచ్చు గానీ, ఒకే పెద్ద టేబుల్ ఉంటే దాని డేటాను ఎక్కించేది ఒక్క ప్రాసెస్సే. రిస్టోర్ తర్వాత డేటా గణాంకాలు సేకరించే అనలైజ్ నడపడం మరిచిపోతే క్వెరీలు నత్తనడక నడుస్తాయి, నింద మాత్రం హార్డ్‌వేర్ మీద పడుతుంది. యూజర్ల పేర్లు, పాస్‌వర్డులు పీజీ డంప్‌లో రావు, వాటిని పీజీ డంప్ ఆల్‌తో విడిగా తీయాలి. డంప్ గంటల తరబడి సాగితే, అంతసేపూ వాక్యూమ్ అనే శుభ్రత ప్రక్రియ పాత వరుసలను శుభ్రం చేయలేదు కనుక టేబుళ్లు ఉబ్బుతాయి. అన్నిటికీ మించి, రాత్రి రెండింటికి తీసిన డంప్ మధ్యాహ్నపు ప్రమాదంలో పన్నెండు గంటల డేటాను కాపాడలేదు.

రెండో పద్ధతికి వాడే పీజీ బేస్‌బ్యాకప్ డేటా డైరెక్టరీని ఫైళ్ల రూపంలోనే నకలు తీస్తుంది. దానికి తోడు మార్పుల లాగ్‌ను, అంటే వాల్ ఫైళ్లను, ఎప్పటికప్పుడు వేరే చోట భద్రపరిస్తే ఎవరో ఏ వరుసలో చెప్పే వేర్ కండిషన్ లేకుండా డిలీట్ నడిపిన క్షణానికి ముందు వరకు వెళ్లి ఆగవచ్చు. ఇండెక్సులు కట్టే పని లేదు కనుక పెద్ద డేటాబేస్ కూడా త్వరగా లేస్తుంది. అయితే నకలు మొత్తం క్లస్టర్‌ది, అంటే ఆ సర్వర్‌లోని డేటాబేస్‌లన్నిటిదీ, అది అదే మేజర్ వెర్షన్‌లోనే పనిచేస్తుంది. డిస్క్ మీద పేజీ, అంటే డేటా ముక్క, చెడి ఉంటే చెడిపోయినదే నకలవుతుంది.

ఈ పద్ధతిలో నిత్యం కనిపెట్టవలసింది వాల్ ఫైళ్లను భద్రపరిచే చోటికి పంపే ఆర్కైవ్ కమాండ్‌ను. అది విఫలమైతే సర్వర్ ఆ ఫైళ్లను పారేయకుండా అట్టే పెట్టుకుంటుంది. డిస్క్ నిండితే సర్వర్ ఆగిపోతుంది. వాల్ ఫైళ్లు ఉండే పీజీ_వాల్ డైరెక్టరీ పెరుగుతోందంటే ముందు ఆర్కైవ్ స్థితిని చూపే పీజీ_స్టాట్_ఆర్కైవర్ చూడండి, తర్వాత రెప్లికా (నకలు సర్వర్) కోసం వాల్ ఫైళ్లను ఆపి ఉంచే, ఎవరూ వాడని రెప్లికేషన్ స్లాట్ ఏమైనా మిగిలిందేమో చూడండి. ఆ ఫైళ్లను చేత్తో తీసేయడం మాత్రం వద్దు. రాతలు తక్కువగా ఉండే సర్వర్‌లో 16 ఎంబీల ఫైలు నిండడానికే గంటలు పడుతుంది, అది నిండేదాకా ఆర్కైవ్‌కు చేరదు. అందుకే నిండకపోయినా ఫైలును ముగించే గడువైన ఆర్కైవ్ టైమవుట్‌ను ఒక నిమిషానికి పెట్టడం మంచిది.

రెప్లికా ఉంది కదా, ఇవన్నీ ఎందుకు అనేవారికి ఒక్క మాట: ప్రైమరీలో, అంటే అసలు సర్వర్‌లో, పడిన డ్రాప్ టేబుల్ మామూలుగా క్షణాల్లో అక్కడా పడుతుంది. కావాలని ఆలస్యంగా నడిపే రెప్లికాకు కొంత విలువ ఉంది, అదీ ఆ ఆలస్యం గడిచేలోపు తప్పును పసిగడితేనే.

2017 జనవరి 31న కోడ్ నిల్వ సేవ అయిన గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజనీరు పొరపాటున ప్రైమరీ డేటా డైరెక్టరీని తొలగించారు. రోజూ తీస్తున్నామనుకున్న డంప్‌లు లేవు: సర్వర్ 9.6, నడిచిన పీజీ డంప్ 9.2. తనకంటే కొత్త సర్వర్‌ను డంప్ చేయడానికి ఆ ప్రోగ్రామ్ ఒప్పుకోదు. విఫలమైనట్టు వెళ్లిన మెయిళ్లు కూడా తిరస్కరణకు గురయ్యాయి. ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసిన స్నాప్‌షాట్ ఉండబట్టి కొంతైనా దక్కింది. అక్కడ లోపించింది పద్ధతి కాదు, తీసినదాన్ని ఎక్కించి చూసే అలవాటు.

నా తీర్పు ఇది. డేటాబేస్ చిన్నదై, ఒక రోజు డేటా పోయినా నడుస్తుందనుకుంటే డంప్ ఒక్కటే చాలు. అంతకు మించితే ఫైళ్ల నకలు, వాల్ ఆర్కైవ్ ప్రధానం. వారానికొక డంప్ దానికి తోడు. డంప్ ప్రతి వరుసనూ చదువుతుంది కనుక చెడిన పేజీలు చాలావరకు అక్కడే బయటపడతాయి, ఇండెక్సుల్లోని లోపాలు తప్ప.

మైఎస్‌క్యూఎల్‌లోనూ లెక్క ఇదే: మైఎస్‌క్యూఎల్‌డంప్ ఒక వైపు, ఫైళ్లను నకలు తీసే ఎక్స్‌ట్రాబ్యాకప్‌తో పాటు మార్పుల లాగ్ అయిన బిన్‌లాగ్ మరో వైపు. ఇన్నోడీబీ (మైఎస్‌క్యూఎల్ డేటాను నిల్వ చేసే ఇంజిన్) టేబుళ్లయితే డంప్‌కు సింగిల్ ట్రాన్సాక్షన్ ఆప్షన్ తప్పనిసరి, లేకపోతే రాసేవాళ్లంతా ఆగిపోతారు. స్టోర్డ్ ప్రొసీజర్లు, ఈవెంట్లు అడగనిదే అందులో రావు, ట్రిగ్గర్లు మాత్రం వస్తాయి.