నల్లగొండలో ఇంటర్ సివిక్స్ ట్యూషన్: రెండేళ్లు చూశాక

రామగిరి వైపు తిరిగితే మ్యాథ్స్, ఫిజిక్స్ ట్యూషన్ బోర్డులు కావాల్సినన్ని. సివిక్స్ అని రాసిన బోర్డు మాకు ఒక్కటీ కనపడలేదు. "సివిక్స్‌కు ట్యూషన్ ఏంది, చదివితే వచ్చేదేగా" అనే మాటే అందరి దగ్గరా. మా అమ్మాయిది సీఈసీ (సివిక్స్, ఎకనామిక్స్, కామర్స్), తెలుగు మీడియం. రెండేళ్లూ ఒకే సారుతో ఇంటికాడ చెప్పించాం. వారానికి మూడు రోజులు, రోజుకు గంటన్నర, నెలకు 1,500. చెప్పే తీరు, టైముకు రావడం వంటివి పక్కన పెట్టి ఒక్క సంగతే వివరంగా రాస్తున్నా: ఆయన జవాబులు దిద్దే పద్ధతి. మేమిచ్చిన డబ్బుకు దక్కిన అసలు ఫలం అదే. మేము దెబ్బతిన్నదీ అక్కడే.

ముందు పేపర్ లెక్క చూడండి. పది మార్కులవి మూడు, ఒక్కోటి 40 లైన్లు. ఐదు మార్కులవి ఎనిమిది, 20 లైన్ల చొప్పున. రెండు మార్కులవి పదిహేను, ఐదేసి లైన్లు. మొత్తం 355 లైన్లు, మూడు గంటల్లో రాయాలి. పాఠం నోటికి వచ్చిన పిల్లలు కూడా ఇక్కడే ఆగిపోతారు. సారు మొదటి నెలలోనే టైము పంచేశారు: రెండు మార్కులకు 3 నిమిషాలు, ఐదుకు 8, పదికి 17. కలిపితే 160 నిమిషాలు. మిగిలిన 20 నిమిషాలు ప్రశ్నలు చదువుకోవడానికి, చివర్లో ప్రశ్న నంబర్లు సరిచూసుకోవడానికి. రెండు మార్కులవే ముందు రాయమనేవారు. పది మార్కులవి ముందు పట్టుకున్న పిల్లలు ఊపులో 60 లైన్లు రాసేస్తారు, ఆఖర్న ఐదారు చిన్న ప్రశ్నలు వదిలేస్తారు. పూర్తిగా వచ్చిన పది మార్కులు అట్లా పోతాయి.

ప్రతి శుక్రవారం వాచీ పెట్టి ఒక పది మార్కుల ప్రశ్న, రెండు ఐదు మార్కుల ప్రశ్నలు రాయించేవారు. అంటే 33 నిమిషాలు. తెల్ల కాగితం, ఎడమ పక్కన రెండు అంగుళాల మార్జిన్. దిద్దేటప్పుడు మార్కులు వెంటనే వేసేవారు కాదు. మార్జిన్‌లో మూడే గుర్తులు: ‘ని’ అంటే నిర్వచనం లేదు, ‘ఆ’ అంటే ఆర్టికల్ నంబరు లేదు లేదా తప్పు, ‘ఉ’ అంటే ఉదాహరణ కావాలి. గుర్తు పడ్డ పేరా వరకే మళ్లీ రాయాలి, జవాబంతా అక్కర్లేదు. తిరగరాసింది చూశాకే మార్కులు. పది మార్కుల జవాబు ఒకటి ఇట్లా దిద్దడానికి ఆయనకు ఆరేడు నిమిషాలు పట్టేది. ఆరేడు నిమిషాలు అన్నది గుర్తు పెట్టుకోండి, సారును వెతికేటప్పుడు పనికొస్తుంది.

ఫస్టియర్ కాగితం ఒకటి ఇప్పటికీ ఉంది. "ఎన్నికలు జరిగినప్పుడల్లా రాజ్యం మారుతుంది" అని రాసి ఉంటుంది. ‘రాజ్యం’ కింద ఎర్ర గీత, మార్జిన్‌లో "1952 నుంచి మారింది రాజ్యమా, ప్రభుత్వమా?" అని ప్రశ్న. జవాబు రాసివ్వలేదు. ప్రజలు, భూభాగం, ప్రభుత్వం, సార్వభౌమాధికారం, ఈ నాలుగూ ఉంటేనే రాజ్యం. ప్రభుత్వం అందులో ఒక అంగం మాత్రమే అని పిల్లే పుస్తకం తిరగేసి రాసుకొచ్చింది. తర్వాతి వారం "తెలంగాణ రాజ్యం 2014 జూన్ 2న ఏర్పడింది" అని రాస్తే మళ్లీ గీత. తెలంగాణకు ప్రజలున్నారు, భూభాగం ఉంది, ప్రభుత్వం ఉంది. సార్వభౌమాధికారం లేదు కాబట్టి అది రాష్ట్రం. ఈ ఒక్కచోట తెలుగు మీడియం పిల్లలకు మేలు. ఇంగ్లిష్ మీడియంలో రెండింటికీ ‘స్టేట్’ అనే మాటే ఉండడంతో ఏ పేరాలో ఏ అర్థమో పిల్లలకు తెలియకుండా పోతుంది. సెకండియర్‌లో ప్రాథమిక హక్కుల దగ్గర ఆర్టికల్ 12 వచ్చినప్పుడు సారు ఈ పాత కాగితమే తీయించారు. ఆ ఆర్టికల్ లెక్కన పంచాయతీ, మున్సిపాలిటీ కూడా ‘రాజ్యం’ కిందికే వస్తాయి, హక్కుల పాఠం వరకు. ఒకే మాటకు రెండు పాఠాల్లో రెండు కొలతలున్నాయని పిల్లకు ఆ రోజే తెలిసింది. గైడ్లలో ఈ రెంటినీ కలిపి చెప్పింది నేనైతే చూడలేదు.

అనుకోకుండా దొరికిన సంతోషం ఎన్నికల వ్యవస్థ పాఠం. ధరావతు, అంటే నామినేషన్‌తో పాటు కట్టే డిపాజిట్, పిల్లలకు పొడి మాటే. సారు ఆ పాఠాన్ని 1996 నల్లగొండ లోక్‌సభ ఎన్నికతో మొదలుపెట్టారు. ఫ్లోరైడ్ నీళ్ల గోస దేశానికి తెలియాలని జనం కట్టగట్టుకుని నామినేషన్లు వేస్తే 480 మంది అభ్యర్థులు బరిలో నిలిచారు. బ్యాలెట్ పుస్తకమంత అయింది, పోలింగు వాయిదా వేయాల్సి వచ్చింది. అప్పుడు లోక్‌సభకు ధరావతు 500 రూపాయలే. ఆ ఏడాదే ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించి దాన్ని 10,000 చేశారు, ఇండిపెండెంట్లకు పది మంది ప్రతిపాదకులు ఉండాలన్నారు. ఇప్పుడది 25,000, ఎస్సీ ఎస్టీ అభ్యర్థులకు 12,500. పోలై చెల్లిన ఓట్లలో ఆరో వంతు రాకపోతే గల్లంతు. ఇంత చెప్పి, "ధరావతు పెంచడం ప్రజాస్వామ్యానికి మేలా, కీడా?" అని 20 లైన్లు రాయమన్నారు. ఆ కాగితం మీద ‘ఉ’ గుర్తు ఒక్కటీ పడలేదు. మర్రిగూడ, నాంపల్లి మండలాల్లో ఆ నీళ్లు తాగిన ఇళ్ల పిల్లలకు ఈ ఉదాహరణ ఎవరూ నేర్పనక్కర్లేదు.

ఇక దెబ్బ. సెకండియర్ డిసెంబరులో లోక్‌సభ నిర్మాణం మీద ఐదు మార్కుల జవాబు. పిల్ల టెక్స్ట్‌బుక్ చూసి గరిష్ఠ సంఖ్య 550, ఇప్పుడున్నది 543 అని రాసింది. సరైన జవాబే. దాన్ని సారు ఎర్ర పెన్నుతో కొట్టేసి 552, 545 అని దిద్ది, "ఇద్దరు ఆంగ్లో ఇండియన్ల నామినేషన్ ఏది?" అంటూ ‘ఆ’ గుర్తు, పక్కన 331 వేశారు. పద్ధతి ప్రకారం పిల్ల ఆ పేరా తిరగరాసింది. ప్రీఫైనల్‌లోనూ అదే రాసింది, కాలేజీలో తప్పు పెట్టారు. శాసనసభకు 119 మంది ఎన్నికైనవాళ్లు, ఒక నామినేటెడ్, మొత్తం 120 అని ఇంకో కాగితంలోనూ ఉంది. 104వ సవరణతో ఆంగ్లో ఇండియన్ల నామినేషన్ 2020 జనవరి 25 నుంచి పోయింది, లోక్‌సభలోనూ శాసనసభలోనూ.

చూపించగానే సారు ఒప్పుకున్నారు, బుకాయించలేదు. కారణం కూడా ఆయనే చెప్పారు. నోట్సు కొన్నేళ్ల కింద గ్రూప్స్ (సర్కారు కొలువుల పరీక్షలు) కోసం రాసుకున్నది, పాఠం చెప్పేటప్పుడు దానిలోంచే చెప్తున్నారు. అప్పటికి దిద్దిన కాగితాలు ఒక కట్టయినయ్. రెండు ఆదివారాలు కూర్చుని అన్నీ తిరగేస్తే ఇంకో మూడు దొరికాయి. జిల్లాలు 31 అని ఉంది. ములుగు, నారాయణపేట 2019 ఫిబ్రవరిలో ఏర్పడ్డాక 33. రాష్ట్రాలు 29, కేంద్రపాలిత ప్రాంతాలు 7 అని ఉంది. ఇప్పుడు 28, 8. స్థానిక ప్రభుత్వాల పాఠం మొత్తం 1994 పంచాయతీరాజ్ చట్టం మీద నడిచింది. మనకు 2018 చట్టం వచ్చింది, చెక్కు మీద సర్పంచుతో పాటు ఉపసర్పంచు సంతకం ఆ చట్టంతో వచ్చిందే. అంటే నోట్సు 2017 దగ్గరే ఆగిపోయింది. తిరగరాస్తే మనసులో పడుతుందని ఇంతసేపు మెచ్చుకున్నా. తప్పు కూడా అంతే లోతుగా పడుతుంది. 552ను మరిపించడానికి జనవరి అంతా పట్టింది.

అందుకని సారు ఎవరైనా మొదటి వారమే ఆయన నోట్సు అడిగి నాలుగు చోట్ల చూడండి. లోక్‌సభ సంఖ్య, జిల్లాల సంఖ్య, పంచాయతీ చట్టం ఏ సంవత్సరానిది, మహిళా రిజర్వేషన్. ఆఖరుది 2023 నాటి 106వ సవరణ. లోక్‌సభలో, శాసనసభల్లో మూడో వంతు సీట్లు. అది అమలయ్యేది జనగణన, ఆ తర్వాత నియోజకవర్గాల పునర్విభజన అయ్యాకే. నోట్సులో ఇది లేకపోతే మిగతావీ పాతవే అయి ఉండొచ్చు. ప్రాథమిక విధులు 11 అని కాకుండా 10 అని ఉంటే మరీ పాత సరుకు, 11వది 2002లోనే చేరింది.

వెతకడం గురించి. సర్కారు లెక్చరర్లను అడిగి ఇబ్బంది పెట్టొద్దు, వాళ్లకు ప్రైవేటు ట్యూషన్లకు అనుమతి లేదు. జిల్లా గ్రంథాలయంలో గ్రూప్స్‌కు చదువుకునేవాళ్లలో, మహాత్మాగాంధీ యూనివర్సిటీ చుట్టుపక్కల పీజీ అయినవాళ్లలో అడగండి. పాలమూరు వాళ్లకైతే పాలమూరు యూనివర్సిటీ ఉండనే ఉంది. డెమో క్లాసు అడిగితే ఎవరైనా బాగానే చెప్తారు, దానితో తేలేదేమీ లేదు. పిల్లతో 25 నిమిషాల్లో ఒక పది, ఒక ఐదు రాయించి ఆ కాగితం చేతిలో పెట్టి మన ముందే దిద్దమనండి. నిమిషంలో టిక్కులు కొట్టి "బాగుంది, ఇంకా రాయాలి" అంటే వద్దు. ఏ వాక్యం దగ్గర ఆగారు, మార్జిన్‌లో ఏం రాశారు అన్నది చూడండి. గ్రూప్స్ అభ్యర్థులతో ఇంకో చిక్కు ఉంది. వాళ్లకు బిట్లు అలవాటు. ఆర్టికల్ 163 ఏమిటంటే ఠక్కున చెప్తారు. గవర్నర్ విచక్షణాధికారాలను 40 లైన్లలో ఎట్లా పరచాలో అందరికీ రాదు. నోటిఫికేషన్ పడితే కోచింగుకు హైదరాబాద్ అశోక్‌నగర్‌కు మకాం మార్చేవాళ్లే ఎక్కువ, కాబట్టి సిలబస్ డిసెంబరు లోపల పూర్తి కావాలని ముందే మాట తీసుకోండి. మా సారు చివరిదాకా ఉన్నారు, కాకపోతే జనవరిలో రెండు వారాలు ఆయన పరీక్షకు ఆయన పోయారు.

మళ్లీ ఆయన్నే పెట్టుకుంటామా అంటే, పెట్టుకుంటాం. ఈసారి టెక్స్ట్‌బుక్ పక్కన తెరిచి పెట్టాకే పెన్ను పట్టాలని షరతు పెడతాం. ఇది ఒకే పిల్ల, ఇంట్లో చెప్పించుకున్న అనుభవం. ఇరవై మంది బ్యాచ్‌లో ఇంత దిద్దడం ఎవరికీ సాధ్యం కాదు. 35 వస్తే చాలనుకునే పిల్లలకు ఇంత ఖర్చు అవసరమూ లేదు, పాత పేపర్లలోని రెండు మార్కుల ప్రశ్నలు గట్టిగా చదివితే గట్టెక్కుతారు. దేవరకొండ, కట్టంగూర్ వైపు పల్లెల నుంచి రోజూ రాలేనివాళ్లు కాగితం ఫొటో తీసి వాట్సాప్‌లో పంపి దిద్దించుకోవచ్చు. మేమూ ఎండాకాలం సెలవుల్లో అట్లాగే చేశాం. నీలం పెన్నుతో రాయాలి, పెన్సిలు ఫొటోలో కనపడదు. లైను వదిలి లైను రాయాలి, మార్జిన్ కూడా ఫొటోలో పడాలి. సారు గుర్తులు పెట్టిన ఫొటో వచ్చాక వాటిని ఎర్ర పెన్నుతో అసలు కాగితం మీదికి పిల్లతోనే ఎక్కించాలి. ఫోనులో ఉంచితే ఆ ఫొటో ఇంకోసారి తెరవరు.