నార్మండీనా, క్వీన్ మేరీనా? అట్లాంటిక్ ఓడల పాత పంచాయితీ

పెద్ద ప్రయాణికుల ఓడ అనగానే మనలో చాలామందికి టైటానిక్ తప్ప ఇంకోటి తట్టదు. ఓడలంటే నిజంగా పిచ్చి ఉన్నవాళ్ళు మాత్రం టైటానిక్ దగ్గర ఎక్కువసేపు ఆగరు. వాళ్ళను మాటల్లోకి దించాలంటే ఒక్క ప్రశ్న చాలు. 1930ల్లో అట్లాంటిక్ మీద పోటీపడిన రెండు ఓడల్లో ఏది గొప్పది, ఫ్రెంచివాళ్ళ నార్మండీనా, బ్రిటిష్‌వాళ్ళ క్వీన్ మేరీనా? ఎనభై ఏళ్ళు దాటినా ఈ పంచాయితీ తెగలేదు. అభిమానుల్లో ఎక్కువమంది నార్మండీ వైపే మొగ్గుతారని నా అంచనా. నేను క్వీన్ మేరీ వైపు. అయితే అందంలో, ఇంజినీరింగ్ ఆలోచనలో పోటీ పెడితే క్వీన్ మేరీ మొదటి రౌండ్‌లోనే ఓడిపోతుంది. కాబట్టి ముందు నార్మండీ గొప్పతనమే చెప్పుకోవాలి.

అంతకన్నా ముందు చిన్న మాట. ఇవి ఇప్పటి క్రూజ్ షిప్పుల్లాంటివి కావు. 2022లో విశాఖ రేవుకు వచ్చిన ఎంప్రెస్ లాంటి క్రూజ్ ఓడ యాత్రల బస్సు అనుకుంటే, లైనర్ అనేది టైం టేబుల్ ప్రకారం నడిచే ఎక్స్‌ప్రెస్ రైలు. సముద్రం ఎలా ఉన్నా ఫలానా రోజు బయలుదేరి ఫలానా రోజుకు అవతలి ఒడ్డు చేరాలి. విమానంలో అట్లాంటిక్ దాటడం మామూలు సంగతి కాకముందు ఐరోపా నుంచి అమెరికా వెళ్ళే వ్యాపారి అయినా, సినిమా తార అయినా, వలసకూలీ అయినా ఈ ఓడలే ఎక్కాలి. నా వాదన అంతా ఈ టైం టేబుల్ మీదే నిలబడుతుంది.

నార్మండీని గీసింది ఫ్రెంచివాడు కాదు. వ్లాదిమిర్ యుర్కెవిచ్ అనే రష్యన్. జారు చక్రవర్తి నౌకాదళానికి యుద్ధనౌకలు డిజైన్ చేసిన మనిషి, విప్లవం తర్వాత దేశం వదిలి ఫ్రాన్స్ చేరాడు. సాన్ నజైర్‌లోని పెన్హోయెట్ యార్డులో 1931లో పని మొదలైంది, 1932 అక్టోబర్ 29న ఓడ నీళ్ళలోకి దిగింది. ముందు భాగం పైన వయ్యారంగా ఒంపు తిరిగి, నీటి అడుగున ఉబ్బెత్తుగా ఉంటుంది. నడుము వెడల్పు, కొసలు సన్నం. ఈ ఆకారం వల్ల అలను చీల్చుకుంటూ పోవడానికి శ్రమ తగ్గింది. లోపల ఆవిరి టర్బైన్లు కరెంటు పుట్టిస్తే ఆ కరెంటుతో మోటార్లు ప్రొపెల్లర్లను తిప్పేవి. మొత్తం 1,60,000 హార్స్‌పవర్. క్వీన్ మేరీ కూడా కాగితం మీద దాదాపు అంతే, కానీ అది పాత పద్ధతి: టర్బైన్లు, వాటికి గేర్లు, ఇరవైనాలుగు బాయిలర్లు. వేగం పెంచాల్సి వస్తే క్వీన్ మేరీ ఇంకా ఎక్కువ ఆవిరి తగలేయాల్సి వచ్చేది. ఓడ ఒంటి ఆకారం విషయంలో నార్మండీ ఒక తరం ముందుంది. దీని మీద వాదన పెట్టుకోవడం టైం వేస్ట్.

లోపలికి వెళ్తే తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మామూలుగా ఓడలో బాయిలర్ల పొగగొట్టాలు కింది నుంచి పైదాకా ఓడ మధ్యలోంచి వెళ్తాయి. అందుకని పెద్ద హాలు కట్టాలంటే మధ్యలో గోడలు అడ్డం పడతాయి. నార్మండీలో ఆ గొట్టాలను రెండుగా చీల్చి ఓడ రెండు పక్కలకు పంపించి, పైన మళ్ళీ కలిపారు. దాంతో హాలు తర్వాత హాలుగా, ఒక కొస నుంచి ఇంకో కొస కనిపించేలా కట్టగలిగారు. మొదటి తరగతి భోజనశాల పొడవు 93 మీటర్లు. వెర్సాయ్ ప్యాలెస్‌లోని అద్దాల హాలు 73 మీటర్లే. కిటికీలు లేని ఆ హాలు మొత్తాన్ని ఫ్రెంచి గాజు కళాకారుడు లాలిక్ చేసిన గాజు దీపస్తంభాలతో వెలిగించారు. ఇంకో సరదా ఏమిటంటే, మూడు పొగగొట్టాల్లో మూడోది ఉత్తుత్తిది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుందని పెట్టారు. కుక్కల గదులు అక్కడే ఉండేవి.

క్వీన్ మేరీ ఇంత షోకులు పోలేదు. పెద్ద హోటల్ లాగా హుందాగా ఉంటుంది. గోడలకు బ్రిటిష్ సామ్రాజ్యం నలుమూలల నుంచి తెచ్చిన యాభై రకాలకు పైగా చెక్కలు వాడారు. భోజనశాల గోడ మీద అట్లాంటిక్ మ్యాప్ ఉండేది, దాని మీద గాజుతో చేసిన చిన్న ఓడబొమ్మ రోజూ జరుగుతూ ఓడ ఎక్కడిదాకా వచ్చిందో చూపించేది. నార్మండీ హాలులో కూర్చున్నవాడికి తాను సముద్రం మీద ఉన్నానన్న సంగతే మరుపుకొచ్చేది. ఇక్కడ మాత్రం భోజనం చేస్తూనే ఎంత దూరం వచ్చామో లెక్కేసుకోవచ్చు. నాకు ఈ రెండోదే ఇష్టం.

ఇక అభిమానులు తలలు బద్దలుకొట్టుకునేది పరిమాణం, వేగం దగ్గర. నార్మండీ 1935 మే 29న లే హావ్ర్ నుంచి న్యూయార్క్‌కు తొలి ప్రయాణం చేసినప్పుడు ప్రపంచంలోకెల్లా పెద్ద ఓడ అదే, 79,280 టన్నులు. ఏడాది తర్వాత వస్తున్న క్వీన్ మేరీ 80 వేలు దాటుతుందని తెలిసేసరికి, ఫ్రెంచివాళ్ళు ఆ చలికాలంలో వెనక డెక్ మీద ఒక లౌంజ్ కట్టేసి 83,423 చేశారు! ఈ టన్నులు బరువుకు కాదు, లోపలి చోటుకు కొలత. గది కడితే టన్నులు పెరుగుతాయి. గొప్ప కోసం ఎంత దూరమైనా వెళ్ళే కాలం అది.

వేగంలో ఎవరూ ఎవరికీ తీసిపోలేదు. నార్మండీ తొలి ప్రయాణంలోనే 29.98 నాట్లతో (ఒక నాట్ అంటే గంటకు 1.85 కిలోమీటర్లు) బ్లూ రిబాండ్, అంటే అట్లాంటిక్‌ను అందరికన్నా వేగంగా దాటిన ఓడకు దక్కే గౌరవం, కొట్టేసింది. 1936 ఆగస్టులో క్వీన్ మేరీ 30.14 నాట్లతో లాక్కుంది. 1937లో నార్మండీ మళ్ళీ తీసుకుంది. 1938 ఆగస్టులో క్వీన్ మేరీ తూర్పు దిశగా 31.69 నాట్లు, అంటే గంటకు దాదాపు 59 కిలోమీటర్ల సగటుతో 3 రోజుల 20 గంటల 42 నిమిషాల్లో దాటి, 1952 దాకా ఆ గౌరవం వదల్లేదు. "యుద్ధం రాకపోతే నార్మండీ మళ్ళీ గెలిచేది" అంటారు అటువైపువాళ్ళు. గెలిచేదేమో. అర నాట్ తేడాతో ఓడ మంచిదో కాదో తేల్చడం నాకు సబబుగా తోచదు.

ఒడుదుడుకుల సంగతి చూస్తే రెండూ తక్కువవి కావు. నార్మండీ మొదటి ఏడాది వెనక భాగమంతా గజగజ వణికింది. మూడు రెక్కల ప్రొపెల్లర్లు తీసేసి నాలుగు రెక్కలవి బిగించాక సర్దుకుంది. క్వీన్ మేరీ అయితే పక్కలకు ఊగడంలో పేరుమోసింది. టీ కప్పులోంచి పాలను మాత్రమే వేరుచేసి ఒలకబోయగలదని జోకులు వేసుకునేవారు. ఊగడం తగ్గించే స్టెబిలైజర్లు 1958లో గానీ పెట్టలేదు. ఇరవై రెండేళ్ళు ప్రయాణికులు అలాగే కడుపులు పట్టుకుని వెళ్ళారన్నమాట.

మరి క్వీన్ మేరీ ఎందుకు? టికెట్ల లెక్క చూడండి. నార్మండీలో 1,972 మందికి చోటుంటే అందులో 848 మొదటి తరగతే. ఆర్థిక మాంద్యం నడుస్తున్న రోజుల్లో అంతమంది డబ్బున్నవాళ్ళు ప్రతి ట్రిప్పుకూ ఎక్కడ దొరుకుతారు? రెండో, మూడో తరగతి ప్రయాణికుల్లో చాలామందికి ఆ వైభవం చూసి దడ పుట్టి వేరే ఓడ చూసుకున్నారని కూడా అంటారు. సగం ఖాళీగా నడిచిన ట్రిప్పులు తక్కువేం కాదు. క్వీన్ మేరీలో మొదటి తరగతి 776, టూరిస్ట్ 784, మూడో తరగతి 579. మధ్యతరగతివాళ్ళే ఓడను నడిపిస్తారన్న అంచనా అందులో కనబడుతుంది, జనం కూడా బాగానే ఎక్కారు.

అసలు క్వీన్ మేరీ పుట్టుకే లెక్కలతో ముడిపడింది. క్లైడ్‌బ్యాంక్‌లో జాన్ బ్రౌన్ యార్డు 1930 డిసెంబరులో పని మొదలుపెట్టింది. ఏడాదికే డబ్బులు ఆగిపోయాయి. 534 అనే నంబరు తప్ప పేరు కూడా లేని ఆ సగం కట్టిన ఓడ రెండేళ్ళకు పైగా తుప్పు పడుతూ నిలబడిపోయింది. యార్డునే నమ్ముకున్న ఊరు పస్తులుంది. చివరికి ప్రభుత్వం 95 లక్షల పౌండ్ల అప్పు ఇచ్చింది, ఓడను కట్టిస్తున్న కునార్డ్ కంపెనీ వెళ్ళి వైట్ స్టార్ అనే మరో ఓడల కంపెనీతో కలవాలని షరతు పెట్టి. ఆ అప్పులో క్వీన్ మేరీకి జోడీ ఓడ కట్టడానికి కూడా డబ్బుంది. అటొకటి ఇటొకటి బయలుదేరితే వారం వారం సర్వీసు రెండు ఓడలతోనే నడపవచ్చని, పాతవి మూడింటి పని అయిపోతుందని కంపెనీ ప్లాను. జోడీగా వచ్చిన క్వీన్ ఎలిజబెత్ యుద్ధం అయ్యేదాకా ప్రయాణికుల సేవలోకి రాలేదు, కాబట్టి ప్లాను పండడానికి పదేళ్ళు పట్టింది. కానీ పండింది. నార్మండీకి బ్రెటాన్ అనే జోడీ అనుకున్నారు, కట్టలేదు. ఒంటరి లైనర్ ఎంత గొప్పదైనా టైం టేబుల్‌లో సగమే నింపగలదు.

ఇప్పుడు మంట సంగతి. అభిమానుల గుండె ఎక్కువ కదిలేది ఇక్కడే. 1939లో యుద్ధం మొదలవగానే నార్మండీ న్యూయార్క్‌లో ఆగిపోయింది. పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి తర్వాత అమెరికా దాన్ని స్వాధీనం చేసుకుని, లఫాయెట్ అని పేరు మార్చి, సైనికుల ఓడగా మార్చే పని ఆదరాబాదరాగా మొదలుపెట్టింది. 1942 ఫిబ్రవరి 9 మధ్యాహ్నం పెద్ద హాలులో స్తంభాలు కోస్తుంటే నిప్పురవ్వలు లైఫ్ జాకెట్ల గుట్ట మీద పడ్డాయి. బూరుగు దూది లాంటి కపోక్ నింపిన జాకెట్లు భగ్గుమన్నాయి. ఓడలో ఆ కాలానికి గొప్పదైన అగ్నిమాపక ఏర్పాటు ఉంది, కానీ దాన్ని అప్పటికే ఆపేశారు. ఫ్రెంచి గొట్టాల మూతులకు న్యూయార్క్ గొట్టాలు అతకలేదు. రేవులోంచి పడవలు గంటల తరబడి నీళ్ళు కొట్టాయి. ఆ నీళ్ళన్నీ పై అంతస్తుల్లో నిలిచి ఓడ ఒక పక్కకు ఒరిగింది. అప్పటికి న్యూయార్క్‌లోనే ఉంటున్న యుర్కెవిచ్ పరుగున వచ్చి, అడుగు వాల్వులు తెరిస్తే ఓడ నిటారుగా నేల మీద కూర్చుంటుందని చెప్పాడు. అధికారులు వినలేదు. అర్ధరాత్రి దాటాక ఓడ పక్కకు పడిపోయింది.

"మండిపోయే ఓడను గొప్పదంటారా?" అని క్వీన్ మేరీ వాళ్ళు కొందరు ఎత్తిపొడుస్తారు. ఆ మాట అన్యాయం. కాపలా తీసేసి, నిప్పు దగ్గర దూది పెట్టి, పైన టన్నుల కొద్దీ నీళ్ళు పోస్తే క్వీన్ మేరీ అయినా బోర్లాపడేది. ఆ నష్టం డిజైన్ ఖాతాలోది కాదు. అలాగని "బతికి ఉంటే ఎంత చేసేదో" అన్న ఊహను మార్కుల్లో కలపడానికీ నేను ఒప్పుకోను. నార్మండీ న్యూయార్క్‌కు వెళ్ళింది 139 సార్లు, పట్టుమని ఐదేళ్ళు కూడా నిండలేదు. చిన్నవయసులో పోయిన వాళ్ళ గురించి మనం మంచే చెప్పుకుంటాం. ఓడల విషయంలోనూ అదే జరుగుతోంది.

క్వీన్ మేరీ మాత్రం బూడిదరంగు పూసుకుని యుద్ధమంతా తిరిగింది. 1943 జులైలో ఒక్క ప్రయాణంలో 16,683 మందిని మోసింది. యుద్ధం మొత్తం మీద మోసింది ఏడు లక్షలకు పైగా. అంత వేగంతో పోయే ఓడను జలాంతర్గాములు పట్టుకోలేకపోయాయి. అయితే ఆ వేగమే ఒకసారి ఘోరం చేసింది. 1942 అక్టోబర్ 2న తనకు కాపలాగా వస్తున్న కురసోవా అనే యుద్ధనౌకను గుద్ది రెండు ముక్కలు చేసింది. మూడు వందల మందికి పైగా చనిపోయారు. జలాంతర్గాముల భయంతో ఎవరి కోసమూ ఆగకూడదని ముందే ఆజ్ఞలున్నాయి, ఓడ ఆగలేదు. క్వీన్ మేరీ గురించి గొప్పలు చెప్పేటప్పుడు ఈ పేజీ దాచేయడం తప్పు.

యుద్ధం తర్వాత మళ్ళీ రంగులేసుకుని 1967 దాకా అట్లాంటిక్ దాటుతూనే ఉంది, అంతా కలిపి సుమారు వెయ్యి సార్లు. నా లెక్కలో లైనర్ పని అంటే ఇదే. చిత్రకారుడు కసాండ్ర్ 1935లో వేసిన నార్మండీ పోస్టర్ ముందు క్వీన్ మేరీ బొమ్మ వెలవెలబోతుంది, నిజమే. ఒక్కసారి, అదీ మొదటి తరగతిలో, వేరేవాళ్ళ డబ్బుతో వెళ్ళమంటే నేనూ నార్మండీయే ఎక్కుతాను. కంపెనీ నడపమంటే మాత్రం రెండు క్వీన్ మేరీలు కడతాను.

మధ్యలో మూడో పేరు తెచ్చేవాళ్ళూ ఉన్నారు: 1952లో 35.59 నాట్లతో తూర్పు దిశ రికార్డు బద్దలుకొట్టిన, యునైటెడ్ స్టేట్స్ అనే పేరున్న అమెరికా ఓడ. ఇంజిన్ల ముచ్చట వరకైతే అదే విజేత, ఇంకెవరూ దాపుల్లోకి రారు. కానీ నిప్పంటే భయంతో చెక్కను దాదాపు లేకుండా కట్టిన ఆ ఓడ లోపల ఆసుపత్రి వాతావరణం. అది 1969లోనే ఆగిపోయింది. 2025 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియా నుంచి లాగించుకుపోయారు, ఫ్లోరిడా తీరంలో ముంచి చేపలకు ఆవాసం చేయడానికి.

అమెరికాలో ఉన్న మనవాళ్ళు ఈ తగవును స్వయంగా తేల్చుకోవచ్చు. లాస్ ఏంజెలెస్ పక్కన లాంగ్ బీచ్‌లో క్వీన్ మేరీ హోటల్‌గా ఉంది, క్యాబిన్‌లో రాత్రి ఉండొచ్చు. బాయిలర్లు తీసేశారు, పొగగొట్టాలు కూడా కొత్తగా చేసి పెట్టినవి, ఆ సంగతి గుర్తుంచుకుని చూడండి. నార్మండీని యుద్ధం తర్వాత న్యూజెర్సీలోని న్యూఆర్క్‌లో తుక్కు కింద కోసేశారు. అయినా పెద్ద హాలులో జాన్ డ్యూపా వేసిన గాజు చిత్రాల పలకలు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్నాయి, భోజనశాల తలుపుల మీది లోహపు పతకాలు బ్రూక్లిన్‌లోని అవర్ లేడీ ఆఫ్ లెబనాన్ చర్చి తలుపులకు బిగించి ఉన్నాయి. వీలైతే ముందు అవి చూసి, ఆ తర్వాత లాంగ్ బీచ్ వెళ్ళండి.