డొంక దారిన నీటి ఒడ్డుకు: కారా, బైకా?

పులిచింతల బ్యాక్‌వాటర్ ఒడ్డునో, పల్నాడు వైపు ఏ ఊరి చెరువు గట్టునో టెంటు వేసుకుని ఒక రాత్రి గడపాలనుకుంటే తారురోడ్డుతో పేచీ లేదు. పేచీ అంతా ఆఖరి రెండు మూడు కిలోమీటర్ల డొంకతోనే. అది నల్లరేగడి అయితే ఎండితే నెర్రెలు, తడిస్తే బంక. ఏ బండి మేలో ఆ మట్టే తేలుస్తుంది.

సామాను సంగతికొస్తే కారుకు తిరుగులేదు. తాగడానికీ వంటకీ మనిషికి రోజుకు నాలుగైదు లీటర్ల నీళ్లు కావాలి. 20 లీటర్ల టిన్ను, చిన్న గ్యాస్ స్టవ్, పరుపులు అన్నీ డిక్కీలో పడతాయి. బైకు మీద ఇద్దరెక్కితే నీళ్లకే పది కిలోలు పోతాయి. పిల్లలో, పెద్దవాళ్లో ఉంటే ఇక ఆలోచించక్కర్లేదు, కారే.

దారి సంగతి వేరు. ట్రాక్టర్లు తిరిగిన డొంకలో రెండు లోతు గాళ్లు, మధ్యలో మిట్ట ఉంటాయి. చిన్న కార్లకు కింద ఎత్తు 170 మిల్లీమీటర్ల దరిదాపు, అంటే జానెడు కూడా లేదు. నలుగురెక్కితే ఇంకా దిగుతుంది. గాళ్లలో చక్రాలు పెట్టి పోనిస్తే ఆ మిట్ట ఆయిల్ ఛాంబర్‌ను గీరుతుంది. ఒక చక్రం మిట్ట మీద, రెండోది అంచు మీద పెట్టి, మనుషుల్ని దింపి, ఫస్ట్ గేరులో పోవాలి. బైకుకు ఈ బాధ లేదు. జానెడు వెడల్పు గట్టి నేల దొరికితే చాలు.

తడి ఉంటే మాత్రం బైకే ముందు ఆగుతుంది. రేగడి ముందు టైరుకు చుట్టుకుని మడ్‌గార్డు కిందికి చేరుతుంది. పది పదిహేను చుట్లు తిరిగేసరికి అక్కడ ముద్ద కట్టి చక్రం బిగుసుకుపోతుంది. పుల్లతో గీకితే వస్తుంది, నాలుగు గజాలు పోగానే మళ్లీ అంతే. కారుకైతే టైరు గాడులు బంకతో నిండి నున్నగా అయిపోతాయి. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ చక్రం గొయ్యి తవ్వుకుని పొట్ట నేలకు ఆనుతుంది. ఫోర్ బై ఫోర్ (ఇంజిను నాలుగు చక్రాలనూ తిప్పే బండి) ఉందన్న ధీమా కూడా మామూలు రోడ్డు టైర్లతో పనికిరాదు. పిడికెడు మట్టి తీసి నొక్కండి. చేతికి అంటుకుంటే ఆ రోజు ఏ బండీ వద్దు.

ముళ్ల విషయంలో కారుదే పైచేయి. డొంకకు రెండువైపులా సర్కారు తుమ్మే. ట్యూబ్‌లెస్ టైరులో ముల్లు దిగితే గాలి మెల్లగా పోతుంది. పంక్చర్ కిట్టు, పంపు చేతిలో ఉంటే తప్ప ఆ ముల్లు పీకొద్దు. ట్యూబు టైరు బైకైతే అక్కడే కూర్చుంటుంది. ఒక స్పేర్ ట్యూబు, రెండు టైరు లివర్లు, పంపు తప్పనిసరి. టెంటు కింద కూడా టార్పాలిన్ పరవాలి. అది టెంటు అంచు దాటి బయటికి వస్తే వాన నీరు లోపలికి లాగుతుంది, లోపలికి మడవండి.

మా మాట: సంక్రాంతి నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా, నేల గట్టిపడ్డాక, ఇద్దరు ముగ్గురైతే రెండు బైకులు మేలు. ఒకటి ఆగినా రెండోది ఊళ్లోకి పోయి ట్రాక్టరు తెస్తుంది. కుటుంబంతో అయితే కారు, కానీ కంకర రోడ్డు అయిపోయిన చోటే, ఊరివాళ్లను అడిగి ఆపండి. మిగతాది నడకే. చెరువును చేపలకు లీజుకిచ్చి ఉంటే కాపలా మనిషికి చెప్పాకే గట్టెక్కాలి. కొండపల్లి రిజర్వు అడవిలాంటి చోట్ల అటవీశాఖ అనుమతి లేకుండా రాత్రి బస వద్దు.

పులిచింతల దగ్గర ఇంకో జాగ్రత్త. పైనుంచి నీళ్లు వదిలితే ఇక్కడ వాన లేకపోయినా మట్టం పెరుగుతుంది. ఒడ్డున ఎండుపుల్లలు, చెత్త గీతలా పేరుకున్న చోటు చూసి, దానికి బాగా పైన టెంటు వేయండి. బండిని దారివైపు ముఖం పెట్టి నిలపండి. రాత్రి గట్టి వాన పడితే తెల్లారాక దాన్ని రేగడిలోకి దింపొద్దు. నడిచి వచ్చేసి, రెండు మూడు రోజులు ఎండ కాశాక తెచ్చుకోండి.